ఊడాల్సిన కుట్టు

ఇలా రా తల్లీ, ఇంకాస్త దగ్గరికి జరుగు. టీవీ గొంతు తగ్గించు, బొమ్మ మాత్రం ఉండనీ. ఆ పెద్ద గొడుగు కింద వేలాడుతూ సముద్రంలోకి దిగుతోంది చూడు, గంటలాంటి పెట్టె. అందులో మనుషులున్నారంటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి. మొన్న వాళ్ళు పైకి వెళ్ళినప్పుడు నువ్వు ఎగిరెగిరి చప్పట్లు కొట్టావు. నేను కొట్టలేదని అలిగావు కూడా. వెళ్ళేటప్పుడు నేను కొట్టనే పిచ్చిదానా. దిగాక కొడతాను. అదీ తలుపు తీసి, మనిషి బయటికొచ్చి, తన కాళ్ళ మీద తను నిలబడ్డాక.

మీ తాతయ్యని నువ్వు చూడలేదు. గోడ మీద ఫోటోలో చూశావు, గుండ్రటి లోహపు బంతి పక్కన పళ్ళన్నీ బయటపెట్టి నిలబడ్డాడు. ఆకాశం నల్లగా కనబడేంత ఎత్తుకి వెళ్ళొచ్చాడని మీ నాన్న గొప్పగా చెప్పుకుంటాడు. ఎలా వెళ్ళాడో అందరూ చెప్తారు. ఎలా దిగాడో ఎవరూ చెప్పరు. నేను చెప్తాను.

అప్పటికి రాకెట్లు లేవు. ఉన్నా పండక్కి పిల్లలు కాల్చుకునేవే. మనిషి పైకి పోవాలంటే బుడగే దిక్కు. మేం పనిచేసే చోట ఆ బుడగలు కుట్టేవాళ్ళం. పొడుగాటి షెడ్డు, రెండు వైపులా కిటికీలు, మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బల్లలు. రబ్బరు పూసిన గుడ్డని బత్తాయి తొనల్లా కత్తిరించి, ఒక్కో తొననీ పక్కదానికి కలిపి కుట్టాలి. లోపలికి అడుగుపెట్టే ముందు చెప్పులు బయట, ఉంగరాలు డబ్బాలో, తలపిన్నులు తీసి కొంగున ముడి. చిన్న గీత పడ్డా పైన ప్రాణం పోతుంది కదా మరి. రబ్బరు జిగురు వాసన ఎంతలా పట్టేసేదంటే, ఇంటికెళ్ళి చంటాణ్ణి ఎత్తుకుంటే వాడు నా భుజం వాసన చూసి తుమ్మేవాడు. ఆ చంటాడు మీ నాన్నే.

షెడ్డుకి పెద్ద మా అత్త. ఆవిడ చేతి కుట్టు ఊడటం ఎవరూ ఎరగరు. మడత మీద మడత వేసి, రెండు వరసలు కుట్టి, చివర మళ్ళీ వెనక్కి కుట్టుకొచ్చి, ఆపైన జిగురు పట్టీ వెయ్యాలి. అంతటితో అవలేదు. కుట్టిన ముక్కలోకి గాలి కొట్టించి, కింది పెదవి తడి చేసుకుని, ఆ కుట్టు పొడుగునా పెదవి ఆనించి పోయేది. ఎక్కడైనా సూది మొనంత గాలి తప్పించుకుంటే తడి పెదవికి చల్లగా తగులుతుంది. అలా తగిలిందా, ఇక కుట్టినామె పని అయిపోయినట్టే.

"ఎవరిదే ఇది? గుడ్డ కుట్టావా, జల్లెడ అల్లావా?" అనేది.

నడుముకి ఎప్పుడూ ఇత్తడి కత్తెర వేలాడుతుండేది. ఇనుము కాదు. బుడగలో నింపే గ్యాసు మంటంటే ఎగబడుతుంది, ఇనుముకి ఇనుము తగిలి రవ్వ లేచిందంటే బూడిదే. అందుకని షెడ్డంతటికీ కత్తెరలు ఇత్తడివి.

బుడగలు ఎలా ఉండాలో చెప్పే పెద్దాయన ఒకాయన. మేం గాలాయన అనేవాళ్ళం. పొద్దస్తమానం తల పైకెత్తి మబ్బులు చూస్తూ నడుస్తాడని. ఒకసారి అలాగే నడుస్తూ జిగురు బకెట్టులో కాలు పెట్టాడు. పనులు తీరుబడిగా ఉన్నప్పుడు మాకు పాత సంగతులు చెప్పేవాడు.

"మొట్టమొదట బుడగలో పైకి ఎక్కింది మనిషి కాదమ్మా. గొర్రె, బాతు, కోడిపుంజు. రాజుగారి ముందు ఎగరేశారు. క్షేమంగా దిగాయి."

"మగాళ్ళు తెలివైనోళ్ళు, ముందు గొర్రెని పంపారు" అంది ఒకామె.

"ఇప్పుడు మా వాణ్ణి పంపుతున్నారుగా. పెద్ద తేడా ఏం లేదు" అంది మా అత్త, సూది ఆపకుండా.

షెడ్డంతా గొల్లుమంది. నవ్విందే గానీ ఆవిడ కళ్ళు నవ్వలేదు. ఎందుకంటే ఆ మాట నిజం. ఆ పెద్ద బుడగకి కట్టే బంతిలో కూర్చునేది ఆవిడ కొడుకే. అంటే మా ఆయన.

ఆయన అక్కడే మరమ్మతుల పనివాడు. గాలి కొలిచేవి, చలి కొలిచేవి, ఆ యంత్రాలన్నీ ఆయన చేతి కిందే. మనిషి సన్నం, మాటలో నడకలో తొందర. అందరూ తూనీగ అనేవాళ్ళు. యంత్రాలు ఎరిగినవాడు, బరువు తక్కువవాడు కావాలంటే ఇంకెవరున్నారు? ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఆ పూట ఇంట్లో నేనూ మా అత్తా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకుండా అన్నాలు తిన్నాం.

అంతకుముందు అంత ఎత్తుకి పోయినవాళ్ళ కథ గాలాయనే చెప్పాడు. తెరిచిన బుట్టలో వెళ్ళి, పైన గాలి చాలక, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పోయారట. అందుకే ఈసారి బుట్ట కాదు, మూతబిగించిన అల్యూమినియం బంతి. లోపల సీసాల్లో గాలి. పైకి చూడటానికి మందపాటి అద్దాల కిటికీ. అన్నీ ఆలోచించారు.

అయినా ఒక్కచోట తప్పింది. అది లెక్కల్లో కాదు తల్లీ. ప్రేమలో.

చెప్తాను. అప్పటిదాకా మేం కుట్టిన బుడగలు చిన్నవి, తాడు కట్టి ఎగరేసేవి. పనయ్యాక తాడు చుట్టి దింపేసేవాళ్ళు. ఈ పెద్దదానికి అలా పట్టి దింపే తాడు లేదు. దాని నెత్తిన ఒక వాల్వు ఉంటుంది, కొంచెం కొంచెంగా గ్యాసు వదిలి దిగడానికి. నేలకి తగిలాక మాత్రం కొంచెం కొంచెంగా సరిపోదు. బుడగ అప్పటికప్పుడే చావాలి. లేకపోతే ఎదురుగాలికి తెరచాపలా నిక్కి, కింద మనిషిని బండలకేసి కొడుతూ ఈడ్చుకుపోతుంది. దానికోసం నెత్తి దగ్గర నిలువుగా ఒక చీలిక పెట్టి, దాని మీద పట్టీ వేస్తారు. ఆ పట్టీ నుంచి ఎర్రతాడు బంతిలోకి దిగుతుంది. లోపల పిడి తిప్పితే తాడు బిగిసి, పట్టీ ఊడి, గ్యాసంతా ఒక్కసారి పోతుంది. ఆ పట్టీని పలచటి జిగురుతో, ఒంటిపోగు దారంతో గాలాయన స్వయంగా కుట్టాడు.

మా అత్త వచ్చి చూసింది.

"ఇదేం కుట్టండీ? పిల్లలు బొమ్మకి చొక్కా కుట్టినట్టుంది."

"ఊడడానికే కుట్టానమ్మా."

"ఊడాలంటే కుట్టడమెందుకు? వదిలెయ్యండి, మాకూ శ్రమ తప్పుతుంది."

మేమంతా నవ్వాం. ఆయనకి కోపం వచ్చింది. చేతిలో సూది వంకరపోయి, వేలికి గుచ్చుకుని ఉన్నాడు పాపం. నేలకి తగిలాక ఎందుకు ఊడాలో పొడిపొడిగా చెప్పాడు.

"సరే, దిగాక ఊడాలి. పైన చలికి మీ జిగురు పెళుసెక్కి, పైనే ఊడితే?"

"ఊడదు."

"ఎలా తెలుసు?"

"తెలుసులేవమ్మా. నా పని నన్ను చేసుకోనీ."

తెలుసులే. ఆ ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. నిజానికి ఆయన ఆ పట్టీలాంటిదే ఇంకోటి చేసి, ఐసు గదిలో పెట్టి, గడ్డకట్టాక లాగి మరీ చూశాడట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. అప్పుడే కూర్చుని ఆ తల్లికి చెప్పుంటే ఎంతసేపు పట్టేది? పాలు పొంగేంతసేపు.

ఎగరడానికి ముందురోజు, అందరం అన్నాలకి వెళ్ళిన వేళ, మా అత్త షెడ్డులో ఒక్కతే ఉండిపోయింది. ఆకలి లేదంది. మేం ఏమీ అనుకోలేదు, ఆ రోజుల్లో ఎవరికి మాత్రం ఆకలి?

తెల్లారింది. మైదానంలో బుడగ నిలబెట్టి గ్యాసు నింపుతున్నారు. బతికున్నదానిలా ఊపిరి తీసుకుంటూ లేచింది. గాలాయన డబ్బా పట్టుకుని తిరిగాడు. అగ్గిపెట్టెలు, చాకులు, మేకులు, జేబులో ఏ ఇనుప ముక్క ఉన్నా అందులో వెయ్యమన్నాడు. వెంట వచ్చే లారీలో కూడా ఇనుప పనిముట్లు ఉండకూడదన్నాడు. మా అత్త ఇత్తడి కత్తెర చూసి ఊరుకున్నాడు.

మా ఆయన దళసరి కోటు వేసుకుని బంతి పక్కన నిలబడ్డాడు. మీ గోడ మీద ఫోటో అప్పటిదే.

"అమ్మా, పైనుంచి నీకేం తేను?"

"నువ్వు రా, చాలు. అన్నట్టు పైకి కిటికీ పెట్టారుగా, నా కుట్లు ఎలా ఉన్నాయో చూసొచ్చి చెప్పు. అంత చలిలో ఏమైనా సాగాయేమో."

"ఒక్కో కుట్టూ లెక్కపెట్టుకొస్తానమ్మా."

నా దగ్గరికి వచ్చి, చంటాడి బుగ్గ గిల్లి, "నేనొచ్చేలోగా నాన్నా అనడం నేర్పు" అన్నాడు.

"ముందు అమ్మా అంటాడు. తమరు వరసలో నిలబడండి" అన్నాను.

నవ్వాడు. బంతిలోకి దూరి మూత బిగించుకున్నాడు. లోపల్నుంచి మరలు బిగుసుకుంటున్న చప్పుడు ఒక్కోటీ నా పక్కటెముకల మీద వినబడింది. తాళ్ళు వదిలారు. అంతే. ఏ చప్పుడూ లేకుండా నేల మీంచి నా సంసారం లేచిపోయింది.

చంటాణ్ణి మా ఆడపడుచుకి అప్పగించి నేనూ మా అత్తా లారీ వెనక ఎక్కాం. లారీ నడిపేది ఆ ఆడపడుచు మొగుడే, నేను అన్నయ్య అనేదాన్ని. నలుగురైదుగురు పనివాళ్ళు, తాళ్ళ కట్టలు, ముందు సీట్లో బైనాక్యులర్లతో గాలాయన. బుడగ ఎటు పోతే మేమూ అటు. రోడ్డు ఉన్నచోట రోడ్డు మీద, లేనిచోట పొలాలకి అడ్డంపడి.

"బండిని చూసి తోలవయ్యా, పైకి చూసి తోలతావేంటి!" అని వెనక నుంచి అరుపులు.

"మన తూనీగ పైనుంటే నేను గోతులు చూస్తానా?" అనేవాడు అన్నయ్య.

పొద్దు ఎక్కేకొద్దీ బుడగ చిన్నదైపోయింది. నిమ్మకాయంత, బఠాణీ గింజంత. కాసేపటికి అదీ లేదు. ఉత్త ఎండ. మెడలు పట్టేసినా ఎవరం తల దించలేదు. లోపల గాలి మధ్యాహ్నం దాటి కొంతసేపటి వరకే వస్తుందని అందరికీ తెలుసు. అందుకే ఎవరం టైము అడగలేదు. లారీ నీడ మాత్రం చూసేదాన్ని నేను. అది పొట్టిగా ఉన్నంతసేపు ధైర్యంగా ఉన్నాను. నీడ పొడుగు సాగడం మొదలయ్యేసరికి ఇక అటు చూడటం మానేశాను. మా అత్త కొంగు చివర నోట్లో పెట్టుకుని కొరుకుతూ కూర్చుంది. నీళ్ళు ఇస్తే తీసుకుని, తాగకుండా పక్కన పెట్టేది. మళ్ళీ ఇస్తే మళ్ళీ తీసుకునేది.

"ఏమండీ, కనబడుతున్నాడా?" అని నేను.

గాలాయన బైనాక్యులర్లు తీసి, అద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. అద్దాల్లో మకిలి లేదు తల్లీ. చేతులకి పని కావాలంతే.

అప్పుడు గాలి లేచింది. పొద్దుటంతా ఆకు కదల్లేదు, ఒక్కసారిగా దుమ్ము మొహాన కొట్టింది. ఆ దుమ్ములోంచే గాలాయన కేక వినబడింది. "అదుగో! దిగుతున్నాడు!"

తూర్పు వైపు, తెల్లగా. బతికున్నాడు, వాల్వు తిప్పుతున్నాడు, దిగుతున్నాడు. లారీలో అందరం కౌగలించుకున్నాం. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. మా అత్త మాత్రం నిలబడి, లారీ పక్క చెక్క పట్టుకుని, కదలకుండా చూస్తోంది.

బుడగ మాకు కొంచెం దూరంలో చెట్టూ చేమా లేని బీడు మీద దిగింది. బంతి నేలని తాకింది, ఎగిరింది, మళ్ళీ తాకింది. గాలి బుడగని పక్కకి పడుకోబెట్టింది. ఇప్పుడు ఎర్రతాడు లాగాలి.

"లాగు! లాగరా నాయనా!" గాలాయన లారీ తలుపు తెరిచి పట్టుకుని వేలాడుతూ అరుస్తున్నాడు. ఇంత దూరం నుంచి, మూతబిగించిన బంతిలోకి ఏం వినబడుతుంది?

బుడగ చావలేదు. నిండుగా నిక్కి, బంతిని ఈడ్చుకుంటూ పరుగందుకుంది. బంతి దొర్లుతోంది, బండలకి కొట్టుకుంటోంది. ఆ చప్పుడు మాకు వినబడుతోంది, గుండిగ మెట్ల మీద పడి దొర్లినట్టు. ఆ గుండిగలో మా ఆయన.

"లాగుతున్నాడే! చూడండి, నెత్తి దగ్గర గుడ్డ గుంట పడుతోంది. లాగుతున్నాడు, మరి ఊడదేం? ఎందుకు ఊడదు?" గాలాయన గొంతు చీరుకుపోయింది. "ఒంటిపోగుకి కుట్టాను నేను. ఒంటిపోగు!"

నా పక్కన ఒక గొంతు మెల్లగా అంది. "దాని మీద నేను కుట్టాను."

అందరం వెనక్కి తిరిగాం. మా అత్త మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మైనం పట్టిన దారంతో. రెండు వరసలు. పైన ఊడితే పడిపోతాడని. దిగాక వాడే బలంగా లాగుతాడులే అనుకున్నాను."

ఏమనగలం? తిట్టడానికి కూడా ప్రాణం ఆడాలి కదా. గాలాయన ఒక్కసారి ఆవిడ మొహంలోకి చూసి, తన నెత్తిన తను కొట్టుకున్నాడు. "ఐసు గదిలో పెట్టి చూశానమ్మా... చూశాను... నీకు చెప్పలేదు."

"ముందు గనులు!" అన్నాడు అన్నయ్య.

బీడు చివర రాళ్ళు తవ్వే గనులు. నిటారుగా లోతు. గాలి తిన్నగా అటే పోతోంది. వాల్వులోంచి గ్యాసు పోతూనే ఉంది గానీ ఎంతని పోతుంది? పెద్ద తొట్టికి మేకు చిల్లు పెట్టినట్టు. పోనీ మా ఆయన మూత తీసుకుని దూకేద్దామంటే బంతి దొర్లుతుంటే మూత ఒకసారి పైకి, ఒకసారి నేలకి. తల బయట పెట్టాడా, నలిగిపోతుంది.

లారీ బంతిని అందుకుంది. పొద్దున వదిలిన కట్టుతాడొకటి బంతికే వేలాడుతూ వెనక ఈడ్చుకొస్తుంటే పనివాళ్ళు దాని మీదకి దూకారు. తాడు వాళ్ళ అరచేతుల చర్మం ఒలుచుకుని పోయింది. నేనూ దూకాను. పట్టుకున్నాను. మోకాళ్ళ మీద, పొట్ట మీద, రాళ్ళ మీంచి నన్ను ఈడ్చుకుపోయింది. వదల్లేదు, అదే విడిపించుకుంది. లేచేసరికి నా నోటినిండా మట్టి. ఆ మట్టి నోటితోనే ఆయన్ని పిలిచాను, అప్పటిదాకా ఎవరి ముందూ పిలవని పేరు పెట్టి. పలికేదెవరు?

"నన్ను ముందుకి తీసుకుపో" అందట మా అత్త అన్నయ్యతో, తర్వాత ఆయనే చెప్పాడు. "బుడగకి ముందుకి."

"అత్తయ్యా, నెత్తి భాగం నేలకి ఆనుకుని వస్తోంది, మీద పడుతుంది..."

"నెత్తి దగ్గరే నాకు పని. పోనియ్యవయ్యా, బతిమాలించుకోకు!"

లారీ పక్కగా దూసుకుపోయి బుడగని దాటింది. నేను పక్కనుంచి పరుగెత్తుతూనే చూశాను. పడుకుని వస్తున్న ఆ తెల్లటి కొండకి ఎదురుగా మా అత్త దిగింది. చెప్పులు విడిచింది. అంత ప్రాణసంకటంలో కూడా, అలవాటు, చెప్పులతో గుడ్డ దగ్గరికి పోకూడదని. నడుమునున్న కత్తెర చేతిలోకి తీసుకుంది. బుడగ మీదకొస్తే పక్కకి జరగలేదు. చేతులు చాపి దానికి అతుక్కుంది. అది ఆవిణ్ణి ఎత్తింది, కింద పెట్టింది, మళ్ళీ ఎత్తింది. ఆవిడ తన కుట్టు కోసం వెతుకుతోంది, కళ్ళతో కాదు, చెంపతో, పెదవితో. దొరికింది. కత్తెర ఒకసారి మెరిసింది.

పెద్ద నిట్టూర్పు వినబడింది. ఊరు ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలినట్టు. పట్టీ ఊడిపోయింది. తెల్లటి కొండ మధ్యలో కుంగి, అలల్లా మడతలు పడి, ఆవిడ మీదకి వాలిపోయింది.

బంతి ఇంకో నాలుగు దొర్లు దొర్లి ఆగింది. గని అంచు అక్కణ్ణుంచి రాయి విసిరితే పడేంత దూరం.

మేం బంతి దగ్గరికి పరుగెత్తాం. గుద్దుతున్నాం, అరుస్తున్నాం. లోపల మర తిరిగింది. ఒకటి. ఇంకోటి. మూత తెరుచుకుని మా ఆయన తల బయటికొచ్చింది. మొహమంతా నెత్తురు, ఒక చెయ్యి వేలాడుతోంది, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. నన్ను చూశాడు, నా వెనక్కి చూశాడు.

"అమ్మేదీ? అమ్మకి చెప్పాలి. పైన అంత చలిలో, అంత నల్లటి ఆకాశం కింద, ఒక్క కుట్టు సాగలేదు. అన్నీ చూశాను. ఒక్కటీ సాగలేదే!"

అప్పుడు నేను గుడ్డ వైపు చూశాను.

అది కదలడం లేదు. ఆ గుడ్డ కింద మిగిలిన గ్యాసు ఉంది, గాలి లేదు. అందరం దాని మీద పడ్డాం. ఎక్కడుందో తెలియదు, ఎటు చూసినా మడతలే. చింపుదామని లాగాం. రాలేదు. గోళ్ళతో, పళ్ళతో, రాళ్ళతో. రబ్బరు గుడ్డ సాగుతుందే గానీ చిరగదు. కుట్ల దగ్గర పట్టుకుని ఇద్దరిద్దరం చెరోవైపు లాగాం. ఆ కుట్లు ఎవరివి తల్లీ? ఆవిడవి, ఆవిడ నేర్పినవి. ఒక్కటీ ఊడలేదు. చాకులన్నీ డబ్బాలో, డబ్బా మైదానంలో. ఉన్న ఒక్క కత్తెరా ఆవిడ చేతిలో, గుడ్డ కింద. గాలాయన మోకాళ్ళ మీద కూర్చుని, "ఊడవే, ఊడవే" అంటూ పళ్ళతో కొరుకుతున్నాడు. మా ఆయన విరిగిన చేత్తో లాగుతున్నాడు. ఏం జరిగిందో ఆయనకింకా తెలియదు. అమ్మ కింద ఉందని మాత్రం తెలుసు.

చివరికి అంచు నుంచి చుట్టుకుంటూ చుట్టుకుంటూ వచ్చాం. పొద్దు వాలేసరికి దొరికింది. బోర్లా పడుకుని ఉంది, చెంప గుడ్డకి ఆనించి, పెదవి పరీక్ష చేస్తున్నట్టు. ఒక చేతిలో కత్తెర. ఇంకో గుప్పిట్లో, కోసి లాగేసిన మైనపు దారం.

మా ఆయనకి నేనే చెప్పాను, అక్కడే, ఆ బీడు మీదే. దాచితే ఆవిడ బుడగకి ఎదురుగా ఎందుకు దిగిందో ఆయనకి ఎప్పటికీ తెలియకుండా పోతుందనిపించింది. విన్నాడు. చాలాసేపు ఆవిడ గుప్పిట విప్పడానికే చూశాడు. రాలేదు. ఆ దారం ఆవిడతోనే పోయింది.

ఆయన మళ్ళీ పైకి పోలేదు. రమ్మని ఎంతమంది బతిమాలినా పోలేదు. చెయ్యి అతుక్కున్నాక షెడ్డుకి వచ్చి, మా అత్త కూర్చునే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎర్రతాడు పట్టీ మాత్రం ఆయనే కుట్టేవాడు, ఒంటిపోగుతో. కుట్టిన ప్రతిదానికీ జత ఒకటి చేసి, ఐసు గదిలో పెట్టి, అందరినీ పిలిచి, లాగి చూపించేవాడు. జిగురు కలిపే పిల్లలకి కూడా. గాలాయన ఆ రోజు తర్వాత ఎవరేం అడిగినా తెలుసులే అనలేదు. ముసలితనంలో కూడా నేల మీద చతికిలబడి, బొమ్మ గీసి చెప్పేవాడు.

ఆ తర్వాత రాకెట్లు వచ్చాయి. కుక్కలు వెళ్ళాయి, కోతులు వెళ్ళాయి, మనుషులు వెళ్ళారు. చంద్రుడి మీద నడిచినవాళ్ళ బట్టలు కూడా ఆడవాళ్ళే కుట్టారని విన్నప్పుడు నేను ఆ టీవీ ముందే కూర్చుని మా అత్తని తలుచుకున్నాను. ఇదిగో, ఇప్పుడు దిగుతున్న ఈ గొడుగు చూడు. దాన్ని సంచిలో మడిచి, సన్నటి దారాలతో కట్టి ఉంచుతారట. సరైన వేళకి ఆ దారాలు తెగితేనే గొడుగు విచ్చుకుంటుంది. ఎక్కడో ఎవరో తల్లి కూర్చుని, ఇంత సన్నదారం చాలుతుందా అని గుండె పీకుతుంటే, ఇంకో వరస వెయ్యకుండా చేతులు కట్టుకుని లేచి ఉంటుంది. ఆ లేవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆగు. తలుపు తీస్తున్నారు. ఒకరు... ఇద్దరు... నిలబడ్డారు. ఇప్పుడు కొట్టు చప్పట్లు, నేనూ కొడతాను.

నా గొంతు ఇంకెన్నాళ్ళు ఉంటుందో తెలియదు. నీ పిల్లలు ఆ ఫోటో చూపించి అడుగుతారు, ఈ తాత ఎంత ఎత్తుకి వెళ్ళాడని. ఎత్తు చెప్పు, నల్లటి ఆకాశం సంగతి చెప్పు. అక్కడితో ఆపెయ్యకు తల్లీ. ఎలా దిగాడో కూడా చెప్పు. ఫోటోలో లేని ఆవిడ గురించి చెప్పు. చెప్పులు విడిచిందని మర్చిపోకుండా చెప్పు.